పిల్లే కదా అంటారు



కోతలైపోయాక ఎలుకల మీద రాస్తానని మాటిచ్చాను. ఎలుకల మీదే రాస్తున్నాను గానీ, ఈసారి వాటిని పట్టేదాని వైపు నుంచి రాస్తున్నాను. మా ఇంట్లో పిల్లి చచ్చిపోయింది. ఇరవై రోజులైంది. ఎందుకు పోయిందో ఇప్పటికీ తెలీదు. "పిల్లి చస్తే కూడా పోస్టేంటయ్యా" అని కొందరు నవ్వుకుంటారు. నవ్వుకోండి, ఏం పర్లేదు. కానీ ఆ పిల్లి పోయినందుకు రెండిళ్ల మధ్య ముప్పై ఏళ్ల పొత్తు తెగేదాకా వచ్చింది. ఇలాంటిది మీ ఊళ్లోనూ జరిగే ఉంటుంది, జరక్కపోతే రేపు జరగొచ్చు. అందుకని కాస్త ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి.

ముందు పిల్లి లెక్క చెప్పుకుందాం. గేదె ఇన్ని లీటర్లు ఇస్తుంది అని చెబుతాం. కోడి ఇన్ని గుడ్లు పెట్టింది అని చెబుతాం. పిల్లి ఏం చేసిందో ఎవరూ లెక్క రాయరు. ఎందుకంటే అది చేసే పని కనపడదు. ఎలుక కొరకని బస్తా మామూలు బస్తాలాగే ఉంటుంది, కొరికిన బస్తానే మన కంట పడుతుంది. విత్తనాలకి ఉంచుకున్న ధాన్యం, తినడానికి ఉంచుకున్న ధాన్యం, గేదెల తవుడు, మినుములు, ఇవన్నీ మా సావిడి పక్క గదిలోనే ఉంటాయి. ఏడేళ్లుగా ఆ గదికి మేం బోను పెట్టలేదు, మందు పెట్టలేదు.

అట్లాగని పిల్లిని మరీ పొగడను. పొలంలో ఎలుకని పిల్లి ఆపలేదు. పొట్ట దశలో దుబ్బులు కొరికేదాన్ని, ఈనాక కంకులు తుంచి కన్నంలోకి లాక్కెళ్లి దాచుకునేదాన్ని మనమే చూసుకోవాలి. బాగా బలిసిన పందికొక్కు జోలికి చాలా పిల్లులు పోనే పోవు. పిల్లి రాజ్యం ఇంటి చుట్టూనే. చిట్టెలుకలు, ఇంటి ఎలుకలు, పిల్ల పందికొక్కులు, వీటి మీదే దాని పెత్తనం. ఆ ఒక్కటి చేసినా మనకు చాలు కదండీ.

మా పిల్లి పేరు చుక్కమ్మ. పేరు మా అమ్మ పెట్టింది. బూడిద రంగు మీద నల్ల చారలు, నుదుటి మీద తెల్ల చుక్క. ఏడేళ్ల కిందట ట్రాక్టరులో వరిగడ్డి తోలినప్పుడు గడ్డి మోపుల మధ్య అరుస్తూ కనపడింది. తల్లి ఏ ఊళ్లో ఉండిపోయిందో ఏమో. అమ్మ దూది పాలలో ముంచి పట్టించింది. నెల తిరిగేసరికి అది సావిడికి యజమాని అయిపోయింది. పొద్దున్నే అమ్మ గేదె పాలు పిండుతుంటే పక్కన వచ్చి కూర్చునేది. అమ్మ కొబ్బరి చిప్పలో నురుగు పాలు పోసేది. అది తాగి, మూతి తుడుచుకుని, గడ్డివామి ఎక్కేది. ఏడేళ్లలో ఒక్క రోజు ఈ వరస తప్పింది లేదు.

తప్పింది ఒక సోమవారం. వచ్చింది, చిప్ప వాసన చూసింది, వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఏ తొండనో తిని కడుపు నిండి ఉంటుందిలే అనుకున్నాం. పిల్లులు ఒక పూట మానేయడం మామూలే కదా. మంగళవారం పొద్దున కుడితి తొట్టి పక్కన ముడుచుకుని కూర్చుంది. నీళ్ల మీదకి తల వంచింది గానీ తాగట్లేదు. రెండుసార్లు పసుపు నురగ కక్కింది. ఆ రోజే గంపలో గోనె వేసి కూర్చోబెట్టి, పైన పాత చీర కట్టి, బండి మీద మండలంలో పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లాను. మా ఆవిడ వెనకాల గంప పట్టుకుని కూర్చుంది. దారిలో ఇద్దరు ముగ్గురు ఆపి "ఏంటి, కోడిపుంజా?" అని అడిగారు. పిల్లి అంటే వాళ్ల మొహాలు చూడాలి.

ఆస్పత్రిలో డాక్టరు గారు నవ్వలేదు. ఆ మాట చెప్పాలి. వేడి చూశారు. పిల్లికి మామూలుగా 100.5 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా ఉండాలట, దీనికి 98 దగ్గర ఉంది. జ్వరం కంటే ఒళ్లు చల్లబడటం ఇంకా ప్రమాదం అన్నారు. చిగుళ్లు చూశారు, పాలిపోయి ఉన్నాయి గానీ రక్తం కారట్లేదు. చర్మం కింద సెలైన్ ఎక్కించారు, వాంతులకి ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. బుధవారం కాస్త తేరుకుంది. తల ఎత్తింది, స్పూనుతో పోస్తే నీళ్లు మింగింది. అమ్మ మొహంలో ఆశ చూశాను. గురువారం సాయంత్రానికి మళ్లీ కూలబడింది. రాత్రి పదకొండు దాటాక అమ్మ ఒళ్లోనే పోయింది.

నాలుగు రోజులు. అంతకు ముందు వారం దాకా తాటిచెట్టంత ఎత్తు గడ్డివామి ఎక్కి దూకిన పిల్లి.

డాక్టరు గారిని నేను అడిగిన మొదటి మాట మీరందరూ అడిగేదే. "ఏం జబ్బు సార్?" ఆయన చెప్పింది ఇది: "రక్త పరీక్ష చెయ్యకుండా పేరు చెబితే అది ఊహే అవుతుంది. కుదిరినవి నాలుగు చెబుతాను, వినండి."

ఆ నాలుగూ మీకూ పనికొస్తాయని రాస్తున్నాను.

ఒకటి, వైరస్. పిల్లుల్లో పాన్‌ల్యూకోపీనియా అని ఒక జబ్బుంది. కుక్కల్లో పార్వో విన్నారు కదా, దానికి దగ్గరి చుట్టం. రక్తంలో తెల్ల కణాలు పడిపోతాయి, వాంతులు, విరేచనాలు, నీళ్ల దగ్గర కూర్చుని తాగలేకపోవడం. పిల్ల పిల్లుల్ని ఎక్కువగా పట్టుకుంటుంది, పెద్దవాటికి రావడం తక్కువ, కానీ రాకూడదని లేదు. దీనికి టీకా ఉంది. మన ఊళ్లలో పిల్లికి టీకా వేయించిన ఇల్లు నేనైతే చూడలేదు.

రెండు, మూత్రపిండాలు. వయసు మీదపడే పిల్లుల్లో ఇది చాలా మామూలు. లోపల చాలాభాగం పాడైపోయేదాకా పైకి ఏమీ కనపడదు. కనపడేసరికి చేయి దాటిపోయి ఉంటుంది.

మూడు, కాలేయం. నాలుగు, మందు తిన్న ఎలుకని తినడమో, వేరే ఏదైనా విషం తగలడమో.

ఇంకోమాట కూడా అన్నారు. పిల్లి నొప్పి దాస్తుందట. గేదెకి ఒంట్లో బాలేకపోతే నెమరు ఆపేస్తుంది, చెవులు వాలేస్తుంది, మనకి తెలిసిపోతుంది. పిల్లి అడవిలో ఒంటరిగా బతికే జాతి. నీరసం చూపిస్తే ఇంకోటి వచ్చి తినేస్తుంది. అందుకని చివరిదాకా మామూలుగా తిరిగినట్టే తిరుగుతుంది. మన కంటికి "నాలుగు రోజుల జబ్బు" అనిపించేది దానికి నాలుగు నెలల జబ్బు అయుండొచ్చు. ఈ మాట నాకు తర్వాత చాలా ఉపయోగపడింది. ఎందుకో చెబుతాను.

కారణం తెలియాలంటే పోస్టుమార్టం చేయించొచ్చు అన్నారు. పిల్లికి పోస్టుమార్టమా అనుకోకండి, చేస్తారు. గన్నవరం, తిరుపతి, రాజేంద్రనగర్ లాంటి చోట్ల పశువైద్య కళాశాలలు ఉన్నాయి కదా, అలాంటి చోటికి తొందరగా తీసుకెళ్లాలి. ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఐసు మీద పెట్టాలి గానీ గడ్డకట్టించకూడదు, గడ్డకడితే లోపలి భాగాలు పరీక్షకి పనికిరాకుండా పోతాయి. ఎంత ఆలస్యమైతే అంత తక్కువ తెలుస్తుంది. విషం అనుమానం ఉంటే కడుపులో ఉన్నది పరీక్షకి పంపుతారు.

మేం చేయించలేదు. మర్నాడు పొద్దున పదింటికి కోత మిషను వంతు, పైన మబ్బు. అదొకటి. అమ్మ "దాన్ని కొయ్యనివ్వను" అంది. అది అసలు కారణం. ఆ రాత్రే పెరట్లో నిమ్మచెట్టుకి అవతల, బావికి దూరంగా, మూడడుగుల లోతు తవ్వి పూడ్చాం. పైన ముళ్లకంప వేశాం, కుక్కలు తవ్వకుండా.

ఇక అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

శుక్రవారం మధ్యాహ్నానికే ఊళ్లో కారణం తయారైపోయింది. "మందు పెట్టారు" అన్నారు ఒకరు. "దిష్టి" అన్నారు ఒకరు. "మీ గడ్డివామి మీద గుడ్లగూబ కూసింది, నేను విన్నాను" అన్నాడు ఇంకొకాయన. పిల్లిని చంపినవాడు బంగారు పిల్లి చేయించి దానమియ్యాలని పెద్దలు చెబుతారు కదా. మా వీధిలో ఒక ముసలాయన అరుగు మీద కూర్చుని "చంపినోడు ఎవరో గానీ బంగారు పిల్లి చేయించుకోవాల్సిందే" అని రెండు పూటలా అన్నాడు. ఆయన ఎవర్నీ అనలేదు. కానీ ఆ మాట విన్నాక అందరి కళ్లూ ఒకే ఇంటి వైపు తిరిగాయి.

ఆ ఇల్లు మా పక్క చేను బాబాయిది. వరస బాబాయే గానీ సొంత బాబాయి కంటే ఎక్కువ. కంకులు పాలు పోసుకుంటున్నప్పుడు ఆయన చేలో ఎలుకల మందు పెట్టాడు. అందరం పెడతాం. ఆయన పెట్టిన సంగతి మా అమ్మకి తెలుసు. చుక్కమ్మ పోయిన మూడో రోజు అమ్మ తేల్చేసింది. "వాడి మందే. వాడి చేలో చచ్చిన ఎలుకనే ఇది తిన్నది."

ఆ రోజు నుంచి బాబాయి ఇంటికి మజ్జిగ వెళ్లడం ఆగిపోయింది. పిన్ని మా పెరట్లో పూలు కోసుకోవడానికి రావడం మానేసింది. ఆడవాళ్ల మధ్య మాట ఆగితే మగవాళ్ల మధ్య ఎన్నాళ్లుంటుంది? మా కింద ఎకరానికి నీళ్లు బాబాయి గట్టు పక్క బోదెలోంచే రావాలి. మా నాన్న ఉన్నప్పటి నుంచీ కాయితం లేదు, సంతకం లేదు, మాట మీదే నడుస్తోంది. దాళ్వా నీళ్ల వంతులప్పుడు ఆ మాట లేకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. బోదె మీద గొడవై కోర్టుల దాకా వెళ్లిన వాళ్లని ప్రతి ఊళ్లో చూస్తున్నాం.

నేను ఒక పని చేశాను. పిల్లల నోటుబుక్కులోంచి కాయితం చింపి, ఒక పక్క తారీకులు, ఒక పక్క మాకు తెలిసినవి రాశాను. ఎప్పుడు తిండి మానేసింది, ఎప్పుడు కక్కింది, చిగుళ్లు ఎలా ఉన్నాయి, ఫిట్లు వచ్చాయా లేదా. తర్వాత బాబాయి దగ్గరికెళ్లి "నువ్వు పెట్టావా" అని అడగలేదు. "బాబాయ్, ఏ మందు పెట్టావు, ఏ తారీకున పెట్టావు, ఎక్కడ పెట్టావు" అని అడిగాను. ముందు మొహం ఎర్రబడింది ఆయనకి. "ఏరా, నీ పిల్లిని నేను చంపుతానా?" అన్నాడు. కాయితం చేతికిచ్చాను. చదివి, ఏం మాట్లాడకుండా లోపలికెళ్లి చూరులో దోపిన ఖాళీ పొట్లం తెచ్చి చూపించాడు. జింక్ ఫాస్ఫైడ్. మా పిల్లి తిండి మానేసిన రోజుకి పన్నెండు రోజుల ముందు, చేలో కన్నాల లోపల పెట్టి మట్టితో మూశాడు.

ఇప్పుడు మనకి తెలిసింది మనం కలిపి చూసుకుందాం. జింక్ ఫాస్ఫైడ్ నల్లటి పొడి, వెల్లుల్లి వాసన వేస్తుంది. కడుపులోకి వెళ్లి అక్కడ ఆమ్లం తగలగానే ఫాస్ఫీన్ అనే విషవాయువు పుడుతుంది. గంటల్లో పని చేసేస్తుంది. తిన్న జీవం వాంతులు చేసుకుంటుంది, ఆయాసపడుతుంది, గిలగిల కొట్టుకుంటుంది. నాలుగు రోజులు నెమ్మదిగా నీరసించి పోవడం దాని పద్ధతి కాదు. పైగా తడి తగిలితే దాని బలం తగ్గిపోతుందని మనకి తెలిసిందే, అది పన్నెండు రోజులు తడి మట్టిలో ఉంది.

రెండో రకం మందు బ్రోమాడయోలోన్. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు మందు కలిపి పెడతాం చూడండి, అది. దాని పద్ధతి వేరు. రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. తిన్న మూడు నాలుగు రోజులకి గానీ పైకి తెలీదు. చిగుళ్ల నుంచి రక్తం, మూత్రంలో రక్తం, లోపల కారితే ఒళ్లు పాలిపోవడం, ఆయాసం. తొందరగా పట్టుకుంటే విటమిన్ కె1 తో బతికించే వీలుంది. మా పిల్లికి చిగుళ్లు పాలిపోయాయి, నిజమే, కానీ రక్తం ఎక్కడా కారలేదు. లోపల కారిందేమో? కారి ఉండొచ్చు. ఆ మందు మా వీధిలో ఎవరు పెట్టారు? ఎంత వాకబు చేసినా తేలలేదు.

అంటే బాబాయి మందు వల్ల పోయిందనడానికి ఆధారం లేదు. పోలేదని రాసివ్వడానికీ ఆధారం లేదు. కాయితం మీద చూస్తే పోలేదనే వైపే ఎక్కువ బరువుంది. అంతే. అంతకు మించి ఒక్క మాట ఎక్కువ చెప్పినా అది అబద్ధమే.

ఈ మాటే వచ్చి అమ్మకి చెప్పాను. అమ్మ అంతా విని "అయితే ఎందుకు పోయింది?" అంది.

"తెలీదమ్మా."

"తెలీదంటే ఎట్లారా? అంత ముద్దుగా తిరిగేది ఊరికే పోతుందా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. కాసేపటికి అమ్మే అంది, "మీ నాన్న పోయినప్పుడు కాయితం మీద జబ్బు పేరు రాసిచ్చారు. ఆ పేరు పట్టుకుని ఏడ్చాను. దీనికి పట్టుకోవడానికి ఏముంది?"

సోదరులారా, నేను ఈ పోస్టు రాస్తున్నది ఈ ఒక్క మాట కోసం. కారణం తెలిసిన చావుకి ఒక పేరుంటుంది, దుఃఖం ఆ పేరుని ఆనుకుని నిలబడుతుంది. కారణం తెలీని చావుకి ఆనుకోవడానికి ఏమీ ఉండదు. అప్పుడు మనసు చేతికి దొరికిన మనిషిని పట్టుకుంటుంది. ఆ దొరికేవాడు ఎప్పుడూ దూరపువాడు కాదు. పక్కింటివాడే, పక్క చేనువాడే. ఎందుకంటే మన పిల్లి వెళ్లేది వాళ్ల గట్టు మీదకే, మన గేదె మేసేది వాళ్ల గట్టు గడ్డే.

మనం రైతులం. "తెలీదు" అనే మాట మనకి కొత్త కాదు. పచ్చగా ఉన్న చేలో ఒక్క దుబ్బు ఎండిపోతుంది. పీకి చూస్తాం, వేరు బాగానే ఉంటుంది, పురుగు ఉండదు. ఇరవై ఏళ్ల కొబ్బరిచెట్టు మొవ్వు వాలిపోతుంది, పక్క చెట్టు నిక్షేపంలా ఉంటుంది. అలాంటప్పుడు మనం పక్కవాడి మీద పడం. "ఏదో అయింది" అనుకుని మిగతా చేను చూసుకుంటాం. చెట్టు విషయంలో ఒప్పుకున్న మనం ఒళ్లో పెరిగిన జీవం దగ్గరికి వచ్చేసరికి ఒప్పుకోలేం. అది మనిషి గుణం, తప్పు పట్టను. కానీ ఆ గుణం ఉందని తెలిసి ఉండటం మంచిది.

ఇంకో బాధ కూడా ఉంది. గేదె పోతే ఊరంతా వస్తుంది. చెవికి ట్యాగు ఉంటే, బీమా ఉంటే డాక్టరు వచ్చి పోస్టుమార్టం చేసి సర్టిఫికెట్ ఇస్తారు. నష్టం అని అందరూ ఒప్పుకుంటారు. పిల్లి పోతే "పిల్లే కదా, ఇంకోటి తెచ్చుకో" అంటారు. 2024 అక్టోబరులో మొదలైన 21వ పశుగణన సంగతి చూడండి. కోళ్లు బాతులు కాక 15 రకాల జంతువుల్ని లెక్కబెట్టే ఏర్పాటు చేశారు. ఆవు, గేదె, గొర్రె, మేక, పంది, గాడిద సరే. కుక్క ఉంది, కుందేలు ఉంది, ఏనుగు కూడా ఉంది. పిల్లి లేదు. మన ధాన్యం కాపలా కాసేది సర్కారు లెక్కలోనూ లేదు, ఊరి లెక్కలోనూ లేదు. అందుకని దాని కోసం ఏడ్చేవాళ్లు దొంగతనంగా ఏడవాల్సి వస్తుంది. మా అమ్మ గడ్డివామి వెనక్కి వెళ్లి ఏడ్చి వచ్చేది. మీ ఇంట్లో ఎవరైనా అట్లా ఏడుస్తుంటే "పిల్లే కదా" అనకండి. ఏం అనక్కర్లేదు, కాసేపు పక్కన కూర్చోండి చాలు.

మా చిన్నమ్మాయి ఎనిమిదేళ్లది. "చుక్కమ్మకి ఏమైంది నాన్నా" అని అడిగింది. దేవుడి దగ్గరికి వెళ్లిందని చెప్పి తప్పించుకోలేదు, ఎవరో మందు పెట్టారని కూడా చెప్పలేదు. "లోపల జబ్బు చేసింది. ఏ జబ్బో డాక్టరు గారికీ దొరకలేదు. మనం మందు ఇప్పించాం, అమ్మమ్మా నానమ్మా అందరూ చూసుకున్నారు, అయినా పోయింది" అన్నాను. కాసేపు ఆలోచించి "అయితే ఎవరి మీదా కోపం అక్కర్లేదా?" అంది. అక్కర్లేదమ్మా అన్నాను. పెద్దవాళ్లకి చెప్పడానికి రెండు వారాలు పట్టింది, దానికి ఒక్క నిమిషంలో అర్థమైంది.

డాక్టరు గారు అన్న "పిల్లి నొప్పి దాస్తుంది" అనే మాట అమ్మకి అప్పుడు చెప్పాను. "ఎన్నాళ్ల నుంచో లోపల ఉందేమోనమ్మా, మనకి చూపించలేదు" అన్నాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నాలాగే అన్నమాట" అంది. అమ్మ మోకాళ్ల నొప్పుల సంగతి మాకు తెలిసింది కూడా మొన్నీమధ్యే లెండి.

ఇక పనికొచ్చే విషయాలు వరసగా చెబుతాను. చదివి వదిలెయ్యకండి.

పిల్లి ఒక రోజంతా తిండి ముట్టకపోతే రెండో రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి. పిల్లి రెండు మూడు రోజులు వరసగా తినకపోతే ఆ పస్తుకే కాలేయం పాడవుతుంది, ఒళ్లు చేసిన పిల్లుల్లో మరీను. గంపలో, గోనెలో ఎట్లాగోలా తీసుకెళ్లండి, ఎవరు నవ్వితే ఏంటి.

మనుషుల మాత్రలు వెయ్యకండి. ముఖ్యంగా పారాసిటమాల్. మనకి జ్వరం తగ్గించే మాత్ర పిల్లికి ప్రాణం తీస్తుంది. దాన్ని విరగ్గొట్టి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఒక్క మాత్ర చాలు. చిగుళ్లు గోధుమ రంగుకో నీలానికో తిరుగుతాయి.

గేదెలకి గోమార్ల కోసం వాడే మందుల్లో సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటివి ఉంటాయి. అవి పిల్లి ఒంటికి రాయకండి. అదే కారణం, పిల్లి ఒళ్లు వాటిని అరిగించుకోలేదు. గేదెకి రాసిన రోజు పిల్లిని కాస్త దూరంగా ఉంచండి.

ఎలుకల మందు పెడితే కన్నం లోపలే పెట్టి మూయండి, గట్ల మీద, సావిట్లో, గిన్నెల్లో పెట్టకండి. పెట్టిన మర్నాటి నుంచి రోజూ చచ్చిన ఎలుకల్ని ఏరి లోతుగా పూడ్చండి. పెట్టేముందు చుట్టుపక్కల ఇళ్లకి "ఫలానా రోజు పెడుతున్నాం, పిల్లుల్ని, కుక్కల్ని కట్టేసుకోండి" అని చెప్పండి. మందు పొట్లం పారెయ్యకండి. ఏదైనా జరిగితే డాక్టరుకి ఆ పేరు చూపిస్తే వైద్యం మారుతుంది.

పిల్లి ఉన్నట్టుండి మనుషుల మీదకి ఎగబడినా, చొంగ కారుస్తున్నా, గొంతు మారినా చెయ్యి పెట్టకండి. రేబిస్ కుక్కలకే కాదు, పిల్లులకీ వస్తుంది. కరిచినా గీరినా పదిహేను నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి, అదే రోజు ఆస్పత్రికెళ్లి టీకా వేయించుకోండి. పసుపు, కారం అద్దకండి.

వాంతులు, విరేచనాలతో పిల్లి పోతే వెంటనే ఇంకో పిల్లపిల్లిని తేకండి. ఆ వైరస్ అయితే ఇంట్లో ఏడాది దాకా బతకగలదు. మామూలు ఫినాయిలుకి చావదు. అది పడుకున్న గోనెలు కాల్చేసి, నేలని బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లతో కడగండి. కొత్త పిల్లిని తెచ్చే ముందు టీకా వేయించండి. మేం చిప్ప తప్ప అన్నీ కాల్చేశాం. చిప్ప అమ్మ కాల్చనివ్వలేదు, బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టి ఎండకి పెట్టింది.

అన్నిటికంటే ముఖ్యం, ఎవరినైనా అనేముందు కాయితం తీసి తారీకులు రాయండి. ఏ రోజు ఏం జరిగిందో నాలుగు ముక్కలు రాస్తే సగం కోపం అక్కడే చల్లారిపోతుంది. మిగతా సగం మీద పడకముందే అవతలివాడిని అడగండి. "ఎందుకు పెట్టావు" అని కాదు, "ఏం పెట్టావు, ఎప్పుడు పెట్టావు" అని అడగండి. మొదటి మాటకి పోట్లాట వస్తుంది, రెండో మాటకి జవాబొస్తుంది.

బాబాయి వాళ్ల సంగతి చెప్పలేదు కదూ. మొన్న ఆదివారం పిన్ని కరివేపాకు కోసం వచ్చింది. కరివేపాకు వాళ్ల పెరట్లోనూ ఉంది, నాకు తెలుసు. పాలు పిండే చోట నిలబడి "ఇక్కడే కదా కూర్చునేది" అంది. అమ్మ తల ఊపింది. పిన్ని చిన్నప్పుడు పుట్టింట్లో ఉన్న తెల్ల పిల్లి గురించి చెప్పడం మొదలుపెట్టింది. అదీ అంతేనట, ఒకరోజు బావి దగ్గర పడుకుని లేవలేదట, ఎందుకో ఎవరికీ తెలీలేదట. యాభై ఏళ్ల కిందటి సంగతి, చెబుతుంటే పిన్ని గొంతు పట్టేసింది. వెళ్లేటప్పుడు అమ్మ చెంబుతో మజ్జిగ ఇచ్చింది. మునుపటంత మాట ఇంకా లేదు. అమ్మ మనసులో ఆ అనుమానం పూర్తిగా పోయిందని నేను చెప్పలేను, అడగలేదు కూడా. కానీ చెంబు వెళ్లింది, మర్నాడు తిరిగొచ్చింది. బోదె గట్టు చెక్కడానికి బాబాయి, నేను కలిసే దిగుతున్నాం ఈ వారం.

ఎలుకలు మాత్రం ఖబురు తెలుసుకున్నాయి. రాత్రిళ్లు గదిలో గీకుతున్న చప్పుడు వినపడుతోంది. విత్తన ధాన్యం బస్తాల కింద చెక్కలు వేసి ఎత్తు చేశాం, గోడకి రెండడుగులు ఎడం ఉంచాం, తలుపు కింద రేకు కొట్టించాం. రెండు బోన్లు కొన్నాను. ఇంట్లో మందు మాత్రం పెట్టను.

వచ్చే పోస్టు మాగాణి మినుములో విత్తనశుద్ధి మీద. ఈలోపు మీ పిల్లికి ఈ పూట పాలు పోశారా, తాగిందా లేదా, ఒకసారి చూసి రండి.

ఉంటాను.